నాణెమంత చోటు

మే 2

చిరంజీవి బోల్టుకి,

మీ అక్క పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాను. నాకు వేరే పేరు అలవాటు లేదు.

ఫోను చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను పెట్టేస్తాను. పని జరగదు. అందుకే ఉత్తరం.

మీ అమ్మాయికి ఉద్యోగం వచ్చిన సంగతి పేపర్లో చూశాను. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. జాబితాలో పదకొండో స్థానం. మీ అక్క అదే ఉద్యోగానికి ఎంపికైనప్పుడు పదిహేడు. ఈ తేడా చూపిస్తే ఆవిడ ఒప్పుకునేది కాదు, మా రోజుల్లో ప్రశ్నలు కష్టం అనేది. ఆ ముక్క కత్తిరించి నా బల్ల అద్దం కింద పెట్టాను. ఇంటికి ఎవరొచ్చినా అక్కడే కూర్చోబెడుతున్నాను.

అమ్మాయి నాకు విడిగా రాసింది. జూన్ రెండున ఈ ఊళ్ళోనే చేరాలట. మీ అక్క పనిచేసిన ఆఫీసే. అత్తయ్య స్కూటరు ఇస్తావా మామయ్యా అని అడిగింది. ఇస్తానని వెంటనే రాసేశాను. ఉత్తరం డబ్బాలో వేసి వచ్చి కిక్కు కొడితే స్టార్ట్ కాలేదు.

చలికాలమంతా వారానికోసారి స్టార్ట్ చేశాను. బాగానే పలికింది. ఇప్పుడు పలకడం లేదు. ఇంజను తిరుగుతోంది. పెట్రోలు వస్తోంది, ప్లగ్గు తడిగా ఉంది. నిప్పు మాత్రం లేదు. ఇక్కడి మెకానిక్కుని పిలిచాను. చుట్టూ ఒకసారి తిరిగి, "దీన్ని మ్యూజియానికి ఇచ్చెయ్యండి సార్" అన్నాడు. మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపించాను.

నీ కాలి కట్టు ఎప్పుడు విప్పుతారు? ముప్పై ఎనిమిదేళ్ళు స్కూటర్ల మధ్య బతికి, చివరికి స్టూలు మీంచి పడ్డ మెకానిక్కువి నువ్వొక్కడివే. నువ్వు రాలేవు కనుక ఏం చెయ్యాలో రాయి. నేను చేస్తాను.

ఇంకో విషయం ఉంది. అది ఇప్పుడు చెప్పను. అమ్మాయి వచ్చిన రోజు తనే చూస్తుంది.

బావ


మే 6

బావగారికి బోల్టు నమస్కారాలు.

"వ్రాయునది ఏమనగా" అని మొదలుపెడదామనుకున్నాను. మీరు ఎర్ర సిరా పెన్ను తీస్తారని మానేశాను.

మీ కాలేజీలో, మీ క్లాసులోనే, ఫిజిక్సు రెండుసార్లు తప్పినవాణ్ణి నేను. అలాంటివాణ్ణి కరెంటు గురించి పాఠం చెప్పమని ఆ లెక్చరరు గారే అడిగారు! మీ ఉత్తరానికి అద్దం కట్టించి షాపులో తగిలించాను. మీ చెల్లెలు సిగ్గులేదా అంది. లేదన్నాను.

ఇక వినండి. అక్క బండిలో పాత పద్ధతి పాయింట్లు లేవు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. మ్యాగ్నెట్ చక్రం లోపల రెండు కాయిళ్ళుంటాయి. ఒకటి కరెంటు పుట్టిస్తుంది. రెండోది పికప్ కాయిలు, "ఇదిగో, ఇప్పుడు" అని సైగ చేస్తుంది. రెండింటి వైర్లూ కుడి పక్క మూత కింద ఉన్న సీడీఐ డబ్బాకి వస్తాయి. డబ్బా కరెంటుని పట్టి ఉంచి, సైగ అందగానే ఒక్క ఉదుటున ప్లగ్గు మీదికి వదులుతుంది. మన ఇళ్ళలో లాగే అనుకోండి. వండేది ఒకరు, పిలిచేది ఒకరు, వడ్డించేది ఒకరు. ముగ్గురిలో ఎవరు అలిగినా ఇంటిల్లిపాదికీ పస్తే.

మీరు చెయ్యాల్సింది: ప్లగ్గు విప్పి, దాని టోపీ దానికే ఉంచి, ఇంజను ఇనుము మీద ఆనించండి. కర్టెన్లు వేసుకుని కిక్కు కొట్టండి. నీలం నిప్పు కనబడాలి. చేత్తో మాత్రం పట్టుకోకండి. పట్టుకుంటే బండి స్టార్టవకపోయినా మీరు స్టార్టవుతారు. నిప్పు లేకపోతే కొత్త ప్లగ్గు వేసి చూడండి. తర్వాత బండి ఆపే స్విచ్చు వైరు డబ్బా దగ్గర ఊడదీసి చూడండి. అప్పటికీ లేకపోతే మీటరు పెట్టండి. పికప్ కాయిలు నూట పది ఓములు, రెండోది ఐదొందలకి అటూ ఇటూ ఉండాలి. డబ్బాని బండికి బిగించిన బోల్టు గట్టిగా ఉందో లేదో కూడా చూడండి.

మీటరు కడ్డీలు రెండూ తాకించి ముల్లు సున్నా మీదికి వస్తోందో లేదో ముందే చూసుకోండి సుమా. అక్క ఎవరి తక్కెడ ముట్టుకున్నా ముందు చూసేది అదే.

ఇంతకీ ఆ ఇంకో విషయం ఏమిటి? మీ చెల్లెలు రెండు రోజులుగా దాని గురించే బుర్ర బద్దలు కొట్టుకుంటోంది. "అన్నయ్యకి బండి ఇవ్వడం నిజంగా ఇష్టమేనా?" అంటోంది. నీకన్నీ అనుమానాలే అని కసిరాను.

గోడకి ఆనుకుని, ఒంటికాలి మీద,
బోల్టు


మే 10

బోల్టుకి,

ప్లగ్గుని ఇంజను మీద ఆనించాను. కర్టెన్లు వేశాను. కిక్కు కొట్టాను. నిప్పు లేదు. కొత్త ప్లగ్గుతోనూ లేదు. స్విచ్చు వైరు ఊడదీశాక కూడా లేదు.

మీటరు కోసం కాలేజీ లాబ్‌కి వెళ్ళాను. నేను రిటైరై ఆరేళ్ళయింది. అయినా అటెండరు లేచి నిలబడ్డాడు. సంతకం పెట్టి మీటరు తెచ్చుకున్నాను. పికప్ కాయిలు నూట ఎనిమిది. రెండోది నాలుగు వందల తొంభై ఐదు. వేడెక్కితే తెగే కాయిళ్ళు ఉంటాయని ఎక్కడో చదివాను. మీ అక్క జుట్టు ఆరబెట్టుకునే మిషను పెట్టి పావుగంట వేడి చేసి మళ్ళీ కొలిచాను. రాగి ఎంత పెరగాలో అంతే పెరిగింది. వైర్లు ఎక్కడా తెగలేదు. డబ్బా బోల్టు బిగుతుగా ఉంది. నేనే బిగించాను.

సున్నా చూసుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు ఆ మాట పిల్లలకు చెప్పింది నేనే. నువ్వు చెప్పనవసరం లేదు.

ఈ పని చేస్తుంటే కలప అడితీ సంగతి గుర్తొచ్చింది. నీకు తెలుసో లేదో. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఊరి బయట అడితీలో పెద్ద కాటా చూడటానికి మీ అక్క బయల్దేరింది. సగం దారిలో బండి ఆగిపోయింది. యజమానికి ఎలా తెలిసిందో కారు పంపాడు. ఎవరి కాటా చూడబోతున్నానో వాడి కారు ఎక్కనంది. డ్రైవరు బతిమాలాడు. అమ్మగారూ, ఎండ మండిపోతోంది, పోనీ నీడలోనైనా కూర్చోండి అన్నాడు. అదీ వద్దంది. రోడ్డు పక్కన మూత విప్పుకుని కూర్చుంది. గంటన్నర పట్టింది. చేతులకు నల్లటి మసితోనే అడితీలోకి వెళ్ళి, ఆ కాటా క్వింటాలుకు ముప్పావు కిలో తక్కువ తూస్తోందని రాసి వచ్చింది. ఎలా బాగుచేశావంటే "నిదానంగా" అంది. ఏమిటి పాడైందో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఇంకో విషయం ఇంకో విషయమే. మీరిద్దరూ ఆగండి.

బావ


మే 14

బావగారికి,

కొలతలు చదివి మీకు ఫస్టు క్లాసు మార్కులు వేశాను. సున్నా మాట మనసులో పెట్టుకోకండి. నోటి తీట. అక్క ఉంటే నెత్తిన మొట్టికాయ వేసేది.

కాయిళ్ళు రెండూ భేషుగ్గా ఉన్నాయంటే ఇక దొంగ డబ్బానే. ఇలాంటి సీడీఐ ఇప్పుడు దొరకదు. నా షాపులో ఒకే ఒక్కటి ఉంది. నా సొంత బండికి పెట్టి నిన్నంతా నడిపించాను. అంటే మీ చెల్లెలు నడిపింది, నేను కిటికీలోంచి సలహాలిచ్చాను. ఆఖరికి ఆవిడ కిటికీ మూసేసింది. డబ్బా బంగారంలా పనిచేస్తోంది. పార్సిలు పంపుతున్నాను. పాత డబ్బా విప్పి, అదే చోట ఇది బిగించండి. కిక్కు కొట్టండి. ఉత్తరం రాసే ఓపిక లేకపోతే ఒక్క మాట రాయండి చాలు: "పలికింది" అని.

ఇంకో మాట. అడగనా వద్దా అని మూడు రోజులు ఆలోచించి అడుగుతున్నాను. మీ పక్కింటి టైలరు ఏదో పని మీద ఈ ఊరొచ్చి షాపుకొచ్చాడు. పోయిన నెలంతా మీరు షెడ్డు తలుపు లోపల గడియ పెట్టుకుని పొద్దస్తమానం ఆ స్కూటరు దగ్గరే ఉన్నారట. తలుపు తడితే కసిరారట. భోజనానికి పిలిస్తే రాలేదట. నిజమేనా బావగారూ?

బోల్టు


మే 18

బోల్టుకి,

పార్సిలు అందింది. డబ్బా బిగించాను. కిక్కు కొట్టాను. నిప్పు లేదు. విప్పి పాతది బిగించాను. దానికీ లేదు. మళ్ళీ నీది పెట్టాను. లేదు.

షెడ్డులో ఉన్న మాట నిజం. పని ఉంది, ఉన్నాను. ఆ టైలరు చూపు నా షెడ్డు మీద కాకుండా గుడ్డ మీద ఉంటే బాగుండేది. వాడు కుట్టిన నా చొక్కా ఎడమ భుజం ఇప్పటికీ దిగజారే ఉంటుంది.

ఇంకేం చూడాలో రాయి. పదిహేను రోజులే ఉన్నాయి.

బావ


మే 21

బావగారికి,

ఈ ఉత్తరం చింపెయ్యమని మీ చెల్లెలు రెండుసార్లు చెప్పింది. చింపడం లేదు.

ముప్పై ఎనిమిదేళ్ళుగా స్కూటర్లు విప్పుతున్నాను. కాయిళ్ళు బాగున్నాయి. వైర్లు బాగున్నాయి. ప్లగ్గు కొత్తది. డబ్బా నా చేత్తో, నా బండి మీద చూసి పంపించింది. ఇన్ని బాగుండి నిప్పు రాని బండి ఈ భూమ్మీద లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇంకా దాని మీదికి నెట్టకండి. అన్నీ తీసేస్తే మిగిలింది మీరొక్కరే.

ఇవ్వడానికి మీకు చెయ్యి రావడం లేదు. ఆ మాట చెబితే ఎవరూ తప్పుపట్టరు. అక్క ముప్పై ఒక్క ఏళ్ళు తిరిగిన బండి. నేనైనా ఇవ్వలేకపోయేవాణ్ణేమో. కానీ ఇస్తానని పిల్లకి మాటిచ్చి, నాకు కొలతలు రాస్తూ, తారీఖు దాటేదాకా నెట్టుకురావడం ఏం న్యాయం? అది ఊరంతా చెప్పుకుంది, అత్తయ్య బండి మీదే డ్యూటీలో చేరుతున్నానని. తూనికరాళ్ళ పెట్టె ముందు ఎలా కట్టాలో నన్ను అడిగి నేర్చుకుంటోంది. మొదటి రోజే ఎవరి కారో ఎక్కాల్సి వస్తే దాని తల ఎక్కడ పెట్టుకుంటుంది?

నేను ఏడుస్తానని ఫోను పెట్టేస్తారు. మీరు ఏడవకపోతే నాకెంత కష్టంగా ఉంటుందో ఎప్పుడైనా అడిగారా? మా అక్క కూడా కదా.

ఇక్కడ ఒక కొత్త స్కూటరు చూశాను. రేపు మాట్లాడతాను. అక్క బండి మీరే ఉంచుకోండి.

ఇట్లు,
అక్క తమ్ముడు


మే 24

బోల్టుకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండు తప్పులున్నాయి.

నేను అబద్ధం రాశాననడం మొదటిది. నీకు రాసిన ప్రతి అంకె మీటరు చూపించిందే.

నేను ఏడవలేదనడం రెండోది. నువ్వు చూడలేదు. అంతవరకే రాయి.

అమ్మాయి వచ్చాక చెబుదామనుకున్నది ఇప్పుడు చెబుతున్నాను. ఇంకేదో అనుకోకు. స్కూటరుకి రంగు వేశాను. అదే ఆ ఇంకో విషయం. టైలరు చూసిందీ అదే. అమ్మాయి పరీక్ష నెగ్గిందని తెలిసిన మర్నాడు మొదలుపెట్టాను, ఎలాగూ తనకే ఇద్దామని. తను అడిగేటప్పటికి రంగు ఆరి, అన్నీ మళ్ళీ బిగించడం కూడా అయింది. తను వచ్చి చూసేదాకా ఎవరికీ తెలియకూడదని తలుపు వేసుకున్నాను.

మొత్తం విప్పాను. ప్రతి బోల్టునూ ఒక్కో సీసాలో వేసి చీటీ అంటించాను. తుప్పు గీకాను. అట్టముక్కల మీద రంగు కలిపి, పాత బూడిద రంగుకి సరిపోయేదాకా ఎండలో పెట్టి చూశాను. సరిగ్గా అదే వచ్చింది. ఇంతవరకూ ఆ మ్యూజియం మెకానిక్కు తప్ప ఎవరూ చూడలేదు కనుక నేనే చెప్పుకోవాలి: చాలా బాగా వచ్చింది. మడ్‌గార్డు మీద చూసుకుని గడ్డం గీసుకోవచ్చు.

పైపైన వెయ్యలేదు. మూతల లోపల, ఎవరికీ కనబడని చోట్ల కూడా వేశాను. కుడి పక్క మూత కింద, నీ డబ్బా కాలు ఆనే చోట, నాణెమంత మేర రంగు లేదు. ఇనుము బయటికి కనబడుతోంది. మీ అక్క అంత శ్రద్ధ గల మనిషి, ఇక్కడ ఎలా వదిలేసిందా అనుకున్నాను. తీరిక దొరకలేదేమో అనుకున్నాను. ఆవిడ వదిలిన పని నేను పూర్తి చేద్దామని మిగతా అంతటా రెండు పూతలు వేసి, అక్కడ మూడు వేశాను. బోల్టు పట్టే మర లోపల కూడా సన్న కుంచె తిప్పాను.

కొత్త బండి కొంటే కొను. నీ కూతురు, నీ ఇష్టం. ఇది మాత్రం రెండో తారీఖున ఆ ఆఫీసు ముందు ఉంటుంది. తోసుకుంటూ తీసుకెళ్ళాల్సి వస్తే తోసుకుంటూ తీసుకెళ్తాను.

బావ


మే 27

బావగారూ, గీకెయ్యండి!

నమస్కారాలు తర్వాత. సాన కాగితం తీసుకుని ఆ నాణెమంత చోటు గీకెయ్యండి. ఇనుము తళతళలాడాలి. మర లోపల కూడా గీకండి. నాలుగుసార్లు ఫోను చేశాను, మీరు ఎత్తలేదు. అందుకే కొరియరు.

అది వదిలేసిన చోటు కాదు బావగారూ. అక్క కావాలని గీకి ఉంచిన చోటు. సీడీఐ డబ్బాకి ఎర్త్ ఆ కాలి గుండానే అందుతుంది. ఇనుముకి ఇనుము తగలాలి. మధ్యలో రంగు ఉంటే పని అక్కడితో సరి. ఒకటి కాదు, మూడు పూతలు వేశారు! నా డబ్బా ఏంటి, కొత్త డబ్బాలు పది పంపినా పలకదు. కాయిళ్ళు కొలిపించాను, వైర్లు కొలిపించాను, డబ్బా మార్పించాను, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికించాను. బోల్టు బిగుతుగా ఉందా అని అడిగాను కానీ కింద ఇనుము ఉందా అని అడగలేదు. బోల్టు అని పేరు పెట్టుకుని ఇదీ నా తెలివి. రంగు వేశారని ఒక్క ముక్క రాసి ఉంటే మే ఆరునే చెప్పేవాణ్ణి. మీరూ మీ గుట్టూ!

మీరు అడగలేదన్నారే, ఆ రోజు అడితీ దారిలో ఏం పాడైందని. ఇదే. కొత్త బండి, కంపెనీవాళ్ళే ఆ చోట దట్టంగా రంగు కొట్టారు. కొన్నాళ్ళు బోల్టు మరల మీద నెట్టుకొచ్చి ఆ రోజు మొరాయించింది. అక్క ఒక్కో వైరూ ముట్టుకుంటూ వచ్చి, ఏమీ తోచక, సంచిలో ఉన్న గోళ్ళు రుద్దుకునే రేకుతో అక్కడ గీకింది. పలికింది. ఆ ఆదివారం నా షాపుకొచ్చి నాకే పాఠం చెప్పింది. "ఎర్త్ అంటే తక్కెడకి సున్నా లాంటిదిరా బోల్టూ. అది కుదరకపోతే పైన ఎంత మంచి రాయి వేసినా ఒకటే" అంది. అప్పటికి నేను మెకానిక్కునై ఏడేళ్ళు. అంత బాగా నాకెవరూ చెప్పలేదు. అప్పట్నుంచి ఏటా వానాకాలం ముందు అక్కడ రుద్ది కాస్త గ్రీజు రాసేది.

మే 21 ఉత్తరం చింపేస్తారా? పోనీ ఉంచుకోండి. నేను రాసిందే. కొత్త స్కూటరు మాట ఎత్తగానే అమ్మాయి, "మామయ్య కొలత తప్పు రాయడు నాన్నా" అని లేచి వెళ్ళిపోయింది. మూడు రోజులుగా నాతో మాటల్లేవు. మీకంటే దానికే మీ సంగతి బాగా తెలిసినట్టుంది.

మడ్‌గార్డు చూడాలని ఉంది. కట్టు పదో తారీఖుకి గానీ విప్పరు.

మీ బోల్టు


జూన్ 3

బోల్టుకి,

గీకాను. నేను రంగు బాగానే వేసినట్టున్నాను, ఇరవై నిమిషాలు పట్టింది. మీటరు ఒక కడ్డీ డబ్బాకి, ఒకటి ఇంజనుకి పెట్టాను. ముల్లు సున్నా దగ్గరికి వచ్చి ఆగింది. ప్లగ్గు మీద నీలం నిప్పు పట్టపగలే కనబడింది. రెండో కిక్కుకి పలికింది. టైలరు కత్తెర చేత్తో పట్టుకునే బయటికొచ్చాడు. నన్ను చూసి, షెడ్డు చూసి, లోపలికి పోయాడు. చొక్కా సంగతి ఇక ఎత్తను.

ముప్పై నాలుగేళ్ళు బోర్డు మీద ఎర్త్ గుర్తు గీశాను. నిలువు గీత, కింద మూడు అడ్డగీతలు. అది మా ఇంట్లో ఎక్కడుందో నాకు తెలియదు. మీ అక్కకు తెలుసు. ఈ సంగతి కాలేజీలో చెప్పి వచ్చాను. మీటరు తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఫిజిక్సు పిల్లలు ఇరవై మంది ఉన్నారు. పది నిమిషాలు తీసుకున్నాను. నా తప్పు, ఆవిడ పని, రెండూ బోర్డు మీద గీసి చూపించాను. ఎవరూ గడియారం చూడలేదు.

అమ్మాయి ఒకటో తారీఖున వచ్చింది. బండి చుట్టూ నెమ్మదిగా తిరిగింది. రంగుని వేలితో ముట్టుకుని, ముట్టుకున్న చోట కొంగుతో తుడిచింది. అది చాలు.

నిన్న తొమ్మిదిన్నరకు ఆఫీసులో చేరింది. పదకొండుకు పర్యటన. పెట్రోలు బంకులో కొలత చూస్తుంటే యజమాని చల్లటి సీసా తెప్పించాడట. వద్దందట. ఇంత బరువు రాళ్ళు మోసుకుని ఆ పాత బండి మీద ఎక్కడికమ్మా, మా కారులో దింపిస్తాను అన్నాడట. "బండి పాతదే, నాది" అందట. ఐదు లీటర్లకు నలభై మిల్లీలీటర్లు తక్కువ వస్తోందని రాసి ముద్ర వేసి వచ్చింది. ఇదంతా అన్నం తింటూ, నేను అడక్కుండానే, ఒక్కో అంకె చెప్పింది. నేను కంచంలోకి చూస్తూ విన్నాను. లేకపోతే నవ్వు కనబడేది.

ఈ రోజు బండి పేరు మార్పిడికి వెళ్ళాం. ఫారంలో పాత యజమాని పేరు ముందు ఒక మాట చేర్చాలని కౌంటరులో గుమాస్తా వేలు పెట్టి చూపించాడు. ఎనిమిది నెలలుగా మీ అక్క పేరు ముందు ఆ మాట నేను ఎక్కడా రాయలేదు. బ్యాంకు కాగితాల్లో కూడా వేరేవాళ్ళు రాస్తే కింద సంతకం పెట్టాను. అమ్మాయికి ఎలా తెలిసిందో, "ఇటివ్వు మామయ్యా, నేను రాస్తాను" అంది. వెనక వరసలో వాళ్ళు తొందరపడుతున్నారు. వద్దన్నాను. నేనే రాశాను. అక్షరాలు సమంగానే వచ్చాయి.

పెన్ను తనకిచ్చాను. కింద, కొత్త యజమాని అన్న చోట, సంతకం పెట్టింది. నిదానంగా, పూర్తి పేరు, ప్రతి అక్షరం చదవడానికి వీలుగా. ఆ విషయంలో నీ పోలిక రాలేదు.

బావ